విడదీసి చూడండర్రా

మొన్న ఆదివారం మా పాత స్కూలు వాట్సాప్ గ్రూపులో కబురు వచ్చింది, పెద్ద తెలుగు మాస్టారు పోయారని. వయసు మీద పడింది, కొన్నాళ్ళుగా మంచంలోనే ఉన్నారు. అందరం అనుకుంటున్నదే. దండం పెట్టే బొమ్మలు వరసగా పడుతున్నాయి. వాటి మధ్య ఒక పాత విద్యార్థి నాలుగే నాలుగు మాటలు రాశాడు: ఖగం, నగం, ఉరగం, తురగం. ఇంకేమీ రాయలేదు. కాసేపటికి ఎవరో 'పన్నగం' అని చేర్చారు. ఇంకొకరు 'విహగం'. సాయంత్రం దాకా ఆ గ్రూపులో అవే మాటలు. బయటివాళ్ళు చూస్తే ఇదేం సంతాపం అనుకునేవారు. మాకు మాత్రం ఆయన గొంతు వినిపిస్తూనే ఉంది.

"విడదీసి చూడండర్రా" అనేవారు. ఖం అంటే ఆకాశం, గం అంటే పోయేది. ఆకాశంలో పోయేది ఖగం, అంటే పక్షి. అసలు పోనిదే నగం, అంటే కొండ. ఉరస్సుతో, అంటే రొమ్ముతో పాకేది ఉరగం. త్వరగా పోయేది తురగం. పాదాలతో పోనిది పన్నగం. ఆరో తరగతి పిల్లలు మొదట్లో తెల్లమొహం వేసేవారు. రెండో మాటకి నవ్వు మొదలయ్యేది. నాలుగో మాటకి మాస్టారు చెప్పకముందే వెనక బెంచీలోంచి జవాబు వచ్చేది.

* * *

నేను ఆ స్కూల్లో తెలుగు టీచరుగా చేరేసరికి మాస్టారు తొమ్మిది, పది తరగతులు చూస్తున్నారు. నాకు ఆరు, ఏడు, ఎనిమిది ఇచ్చారు. చిన్న క్లాసులే కదా అని స్టాఫ్ రూములో ఎవరో అంటే ఆయన ఒప్పుకోలేదు. "పదో తరగతివాడికి పరీక్ష భయం ఉంటుంది, వాడే చదువుకుంటాడు. ఈ మూడు క్లాసులే అసలు కష్టం, అమ్మాయ్. వీళ్ళకి చదవడం వచ్చేసిందని ఇంట్లోవాళ్ళూ అనుకుంటారు, మనమూ అనుకుంటాం, వాళ్ళూ అనుకుంటారు" అన్నారు.

ఎంత నిజమో వారం తిరక్కుండానే తెలిసింది. పుస్తకం ఇస్తే గడగడా చదివేస్తారు. ఒత్తులు తప్పు పోవు, పొల్లులు తప్పు పోవు. పుస్తకం మూయించి 'ఏం చెప్పాడురా ఇందులో' అంటే మాట పెగలదు. ఐదో తరగతి దాకా వాక్యాలు పొట్టివి, మాటలు ఇంట్లో వినేవే. ఆరుకి రాగానే సైన్సులో కిరణజన్య సంయోగక్రియ, సోషల్లో ద్వీపకల్పం ఎదురవుతాయి. అప్పటిదాకా చదువులో ముందున్న పిల్లలు కూడా అక్కడే కంఠస్థానికి దిగుతారు. ఆ వయసులో ఒకసారి బట్టీ అలవాటైతే వదిలించడం ఎంత కష్టమో టీచర్లందరికీ తెలుసు.

ఒకరోజు మాస్టారు నా ఏడో తరగతిలోకి వచ్చి బోర్డు మీద ఇలా రాశారు: "తెల్లారగానే జింబులన్నీ కోవరంలో టిమికాయి. పెద్ద జింబు మాత్రం తిరువును మెల్లగా లొసికింది."

జింబులు ఎక్కడ టిమికాయి? కోవరంలో, అని క్లాసంతా ఒకే గొంతు. ఎప్పుడు టిమికాయి? తెల్లారగానే. పెద్ద జింబు దేన్ని లొసికింది? తిరువును. ఎలా లొసికింది? మెల్లగా. అన్నీ రైటే. పిల్లల మొహాలు వెలిగిపోతున్నాయి. అప్పుడు అడిగారు, "జింబు అంటే ఏమిట్రా?" అని. కొందరు పుస్తకం తిరగేశారు. ఒకబ్బాయి పక్షి అన్నాడు, ఒకమ్మాయి చేప అంది. "పెద్ద జింబు చేసింది మంచి పనేనా?" అని ఇంకో ప్రశ్న వేశారు. ఎవరూ నోరెత్తలేదు.

ఆ మాటలన్నీ ఆయన అప్పటికప్పుడు కల్పించినవే. అర్థం ఒక్క ముక్క తెలియకుండా నాలుగు జవాబులు సరిగ్గా చెప్పేశారు పిల్లలు. పరీక్షల్లో అపరిచిత గద్యం కింద ఇచ్చే ప్రశ్నల్లో చాలావాటికి ఇలాగే మార్కులు వస్తాయి. ప్రశ్నలో ఉన్న మాటని పేరాలో వెతికి, ఆ వాక్యాన్ని ఎత్తి జవాబు దగ్గర పెట్టడమే. దాన్ని చదవడం అనకూడదని ఆయన పట్టుదల. ఆ రోజు నుంచీ నాదీ అదే పట్టుదల.

* * *

అప్పట్లో మాకు జిరాక్స్ అందుబాటులో లేదు. చదివించాల్సిన పేరాలని మాస్టారే స్టెన్సిల్ కాగితం మీద ఇనుప మొన ఉన్న పెన్నుతో రాసేవారు. తెలుగు అక్షరాలు గుండ్రం కదా, సున్నా పూర్తిగా చుట్టేచోట స్టెన్సిల్ చినిగి, అచ్చులో అక్కడ నల్లటి చుక్క పడేది. అందుకని ఆయన సున్నాలకి చిన్న సందు వదిలేవారు. ఆ స్టెన్సిల్ నుంచి కాపీలు తీసే సైక్లోస్టైల్ మిషన్ పిడి తిప్పే పని ఎనిమిదో తరగతి పిల్లలది. పిడి తిరిగేటప్పుడు గరగర చప్పుడు, తడి ఆరని సిరా వాసన, చేతివేళ్ళకి నలుపు. ఆ కాగితాలు పట్టుకుని క్లాసులోకి వెళ్తే పిల్లలు ముందు వాసన చూసి తర్వాత చదివేవారు.

ఆ కాగితాల్లో ప్రశ్నలు ఉండేవి కావు, పేరా మాత్రమే ఉండేది. ప్రశ్నలు పిల్లలే తయారు చేయాలి. మూడు రకాలు చేయమనేవారు. వాక్యంలోనే జవాబున్న ప్రశ్న ఒకటి. రెండు మూడు వాక్యాలు కలిపితే జవాబు దొరికే ప్రశ్న ఒకటి. పేరాలో ఎక్కడా లేకుండా, చదివినవాళ్ళు ఆలోచించి చెప్పాల్సిన ప్రశ్న ఒకటి. మొదటి రకం పిల్లలు చిటికెలో రాసేవారు. రెండో రకం దగ్గర పెన్సిళ్ళు ఆగేవి.

దానికోసం నేను వాడిన వాక్యాలు ఇప్పటికీ గుర్తే. "ఆమె గొడుగు మడిచి గుమ్మం పక్కన నిలబెట్టింది. కాసేపటికి దాని కింద చిన్న మడుగు కట్టింది." బయట వాతావరణం ఎలా ఉంది? వాన, అంటారు. వాన అని ఎక్కడ రాసుంది, చూపించు, అంటాను. వెతుకుతారు. లేదు టీచర్, కానీ వానే. ఎలా చెప్పగలవు? గొడుగు ఉంది కాబట్టి, అంటాడు ఒకడు. ఎండకీ గొడుగు వేస్తారుగా, అంటుంది పక్కనున్న పిల్ల. మడుగు కట్టింది కదా, ఎండ గొడుగుకి నీళ్ళెక్కడివి, అని వాడు మళ్ళీ వాక్యం దగ్గరికి వెళ్తాడు. ఆ మళ్ళీ వెళ్ళడం కోసమే నేను ఎదురుచూసేదాన్ని. ఒక్కో పీరియడంతా ఆ రెండు వాక్యాలకే సరిపోయేది. సిలబస్ ఏమైపోతుందని టెన్షన్ పడే టీచర్లని చాలామందిని చూశాను. ఇలా రెండు నెలలు గడిచాక పాఠాలు వాటంతటవే వేగంగా సాగుతాయి, ఇది నేను కళ్ళారా చూసింది.

* * *

మాటల పీరియడ్ శనివారం ఆఖర్న ఉండేది. జ, ద, ధి అని మూడక్షరాలు బోర్డుకి ఒక పక్కన. జలం, నీరం, అంబువు, వారి అని నీటికున్న పేర్లు ఇంకో పక్కన. జ అంటే పుట్టినది, ద అంటే ఇచ్చేది, ధి అంటే దాచుకునేది. ఇక కలపడమే. జలజం, నీరజం, అంబుజం, వారిజం అంటే నీటిలో పుట్టినవి, తామరలు. జలదం, నీరదం, అంబుదం, వారిదం అంటే నీటినిచ్చేవి, మేఘాలు. జలధి, నీరధి, అంబుధి, వారిధి అంటే నీటిని దాచుకునేవి, సముద్రాలు. పన్నెండు మాటలు పది నిమిషాల్లో. పర్యాయపదాల పట్టిక ఇచ్చి బట్టీ పట్టమంటే వారం పట్టేది, మర్నాటికి సగం పోయేది.

ఒక సంవత్సరం ఈ పాఠం అయిన కొన్నాళ్ళకి ఏడో తరగతి అమ్మాయి ఒకతి స్టాఫ్ రూము గుమ్మం దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. సైన్సు పీరియడ్ అప్పుడే అయింది. "టీచర్, క్షీరదంలో ద మన ద యేనా?" అంది. మన ద యేనమ్మా అన్నాను. "అంటే పాలిచ్చేది! మరి సైన్సు టీచర్ అలా చెప్పలేదేం?" సైన్సు టీచర్ అక్కడే ఉన్నారు. ఆవిడ నవ్వి, మర్నాటి నుంచి కొత్త మాట వచ్చినప్పుడల్లా ముందు నా దగ్గరికి వచ్చేవారు. ఉభయచరాలంటే రెండుచోట్లా తిరిగేవని, సరీసృపంలో పాకడం అనే ధాతువు, అంటే మూల క్రియ, ఉందని, ద్వీపం అంటే రెండువైపులా నీళ్ళున్నదని, ద్వీపకల్పం అంటే దాదాపు ద్వీపం లాంటిదని ఇద్దరం కలిసి ఒక చార్టు రాయించాం. ఆ చార్టు చూసి సోషల్ మాస్టారు కూడా చేరారు.

మాట ముందు చేరి అర్థాన్ని మార్చే ఉపసర్గలు ఇరవైరెండూ వల్లె వేయించడం మాస్టారికి ఇష్టం లేదు. హృ అనే ఒక్క ధాతువు తీసుకునేవారు. తీసుకుపోవడం దాని అర్థం. ముందు ఏది చేరిస్తే అర్థం ఎటు పోతుందో చూడమనేవారు. ఆహారం, విహారం, సంహారం, ప్రహారం, పరిహారం. ఈ ఐదు మాటలూ వరసగా ఉన్న పాత సంస్కృత శ్లోకం ఒకటుంది, అది రాగం తీసి చదివేవారు. తర్వాత కృ ధాతువు: ఉపకారం, అపకారం, వికారం, ఆకారం, అధికారం. పిల్లలు ఇంటికెళ్ళి పేపర్లో వెతికి ఇంకా తెచ్చేవారు. ఉత్సాహంలో 'అపారం' లో కూడా అప ఉందనేవారు. అక్కడ మాస్టారు గట్టిగా ఆపేవారు. అది అ, పారం. పారం అంటే అవతలి ఒడ్డు, అది లేనిది అపారం. పోలిక చూసి చుట్టరికం కలిపేయకూడదని, అనుమానం వస్తే నిఘంటువు చూడాలని చెప్పేవారు.

మా లైబ్రరీలో శబ్దరత్నాకరం ఉండేది. బహుజనపల్లి సీతారామాచార్యులు గారి నిఘంటువు, మొదట 1885లో వెలువడింది. మాది తర్వాతి కాలపు అచ్చు, అట్ట ఊడిపోతే పాత కాలెండరు కాగితంతో వేశాం. దాని పక్కనే బ్రౌన్ నిఘంటువు, అది 1852 నాటిది. పిల్లలకి మొదటి ఇబ్బంది క్ష దగ్గర వచ్చేది. వర్ణమాల చార్టులో క్ష చివర ఉంటుంది కాబట్టి పుస్తకం చివర వెతికేవారు. దొరికేది కాదు. క కింద ష ఒత్తు కదా, క లో చూడు అంటే, దొరికాక పెద్ద రహస్యం తెలిసినట్టు ఒకరికొకరు చెప్పుకునేవారు. వి. అంటే విశేష్యం (నామవాచకం), దే. అంటే దేశ్యం (అచ్చ తెలుగు మాట), సం. అంటే సంస్కృతం అని పొడి అక్షరాలు చదవడం నేర్చుకున్నాక, ఎనిమిదో తరగతి పిల్లలు ఆ పుస్తకాన్ని కథల పుస్తకంలా చదివేవారు.

సంస్కృతం ఒక్కటే అయితే మాటల పని సగమే అయినట్టని మాస్టారి అభిప్రాయం. కలిమి, లేమి, ఓరిమి, చెలిమి, బలిమి రాసి, చివర ఉన్న 'ఇమి' ని చూపించేవారు. కలగడం కలిమి, లేకపోవడం లేమి, ఓర్చుకోవడం ఓరిమి. పాల మీది కడ మీగడ అని చెప్పిన రోజు పిల్లలు నమ్మలేదు. రోజూ నోట్లో నలిగే చిన్న మాటలో కూడా రెండు మాటలున్నాయని తెలిస్తే ఆ వయసు పిల్లలకి కలిగే సంతోషం వేరు.

* * *

ఆ ఏళ్ళలో జరిగిన వాటిలో నాకు అన్నిటికంటే విలువైనది సముద్రం పక్క పల్లె నుంచి వచ్చే ఒక పిల్లవాడిది. ఆరో తరగతి. క్లాసులో నోరు విప్పేవాడు కాదు. ఒకసారి సెలవుల్లో ఏం చేశారో చెప్పమంటే లేచి, "రాతిరి నాన్నతో సంద్రం మీదికెళ్ళాను" అన్నాడు. క్లాసంతా నవ్వింది. 'రాతిరంట, సంద్రమంట' అని వెక్కిరింత. వాడు కూర్చుండిపోయాడు.

ఆ రోజు చెప్పాల్సిన పాఠం పక్కన పెట్టాను. బోర్డు మీద ఎడమవైపు ప్రకృతి అని, కుడివైపు దాని నుంచి మారి వచ్చిన వికృతి అని రాశాను. ఎడమవైపు సముద్రం, రాత్రి. కుడివైపు సంద్రం, రాతిరి. వాడు అన్న రెండు మాటలూ వ్యాకరణం పుస్తకంలో ఉన్నవేనని చూపించాను. పుణ్యం, పున్నెం. ముఖం, మొగం. నిద్ర, నిద్దుర. కథ, కత. సంధ్య, సందె. భాష, బాస. భోజనం, బోనం. కుడివైపు మాటలు ఒక్కొక్కటీ రాస్తుంటే పిల్లల్లో గుసగుసలు. 'మా అవ్వ మొగం అంటుంది', 'మా ఇంట్లో సందె దీపం అంటాం'. యాత్ర పక్కన జాతర అని రాయగానే ఒకడు బెంచీ మీద చెయ్యి కొట్టాడు.

ఆ తర్వాత ఒక నోటుబుక్కు తెచ్చి ఆ పిల్లవాడి చేతికిచ్చాను. ఇంట్లో పెద్దవాళ్ళు వాడే మాటలు ఎవరు తెచ్చినా అందులో వాడే ఎక్కించాలి. మాట, ఎవరు అన్నారు, ఏ సందర్భంలో అన్నారు, ఈ మూడూ రాయాలి. ఏడాది చివరికి పుస్తకం నిండింది. వలల పేర్లు, గాలుల పేర్లు, అలల తీరుని బట్టి వాళ్ళు వాడే మాటలు అందులో ఉన్నాయి. మాస్టారు ఇంటికి పట్టుకెళ్ళి రాత్రంతా చదివారట. మర్నాడు ప్రేయర్లో వాణ్ణి పిలిచి అందరి ముందూ ఒక పేజీ చదివించారు. వాడు చదువుతుంటే ఎవరూ నవ్వలేదు.

పిల్లవాడి ఇంటి మాటని తప్పు అనేస్తే ఆ తర్వాత వాడికి ఎన్ని మాటలు నేర్పినా వంటబట్టవు. నాకు ఇందులో రెండో అభిప్రాయం లేదు.

* * *

అలంకారాల గురించి కొంచెం చెప్పాలి. పరీక్షల కోసం ఉపమాలంకారానికి అందరూ ఒకటే ఉదాహరణ రాస్తారు, చంద్రబింబం వంటి ముఖం. నేను దాన్ని నా క్లాసులో నిషేధించాను. నువ్వు చూసిందే చెప్పు అనేదాన్ని. ఒకమ్మాయి "మా అవ్వ చెయ్యి నోటుబుక్కు అట్టలా ఉంటుంది" అంది. ఉపమేయం చెయ్యి, ఉపమానం అట్ట, ఉపమావాచకం 'లా'. మరి సమానధర్మం, అంటే రెండింటిలో ఒకేలా ఉన్న గుణం? గరుకుతనం, అని పక్కవాళ్ళు అందించారు. ఆ పిల్ల ఒప్పుకోలేదు. "అది కాదు టీచర్. లోపలి కాగితాలు నలగకుండా పట్టుకుంటుంది" అంది. ఎనిమిదో తరగతి పిల్ల.

ఆ అమ్మాయి ఇప్పుడు నర్సు. ఒకసారి ఫోన్ చేసి, ట్రైనింగులో ఇంగ్లీషు మెడికల్ మాటలన్నీ మన శనివారం పద్ధతిలోనే నేర్చుకున్నానని చెప్పింది. హైపర్ అంటే ఎక్కువ, హైపో అంటే తక్కువ, చివర ఐటిస్ వస్తే వాపు. హెపటైటిస్ అంటే కాలేయం వాపు, ఆర్థరైటిస్ అంటే కీళ్ళ వాపు, గ్యాస్ట్రైటిస్ అంటే కడుపు లోపలి పొర వాపు. మిగతావాళ్ళు పేజీలకి పేజీలు బట్టీ పడుతుంటే తను ముక్కల జాబితా రాసుకుందట. ఈ విషయం మాస్టారికి చెబితే చిన్నపిల్లవాడిలా మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నారు.

2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం తర్వాత వచ్చిన పుస్తకాల్లో ఆలోచించి చెప్పే ప్రశ్నలు, సొంతంగా రాసే పనులు బాగా పెరిగాయి. మాస్టారు అప్పటికే రిటైరయ్యారు, ఆ పుస్తకాలు చూసి సంతోషించారు. కానీ ఏడాది తిరక్కుండా ఆ ప్రశ్నలకీ గైడ్లలో జవాబులు వచ్చేశాయి. 'మీ అభిప్రాయం రాయండి' అంటే నలభై మంది ఒకే అభిప్రాయం రాసేవారు. నాకు అది చాలా బాధగా ఉండేది. ఇప్పుడు ఆంధ్రభారతి లాంటి వెబ్‌సైట్లో ఒక్క మాట కొడితే ఎన్నో నిఘంటువులు ఒకేసారి జవాబిస్తాయి. మా రోజుల్లో అలాంటిది ఉంటే మాస్టారు రాత్రుళ్ళు నిద్రపోయేవారు కాదు. పిల్లల చేత దాన్ని తెరిపించే టీచర్లు ఎక్కువమంది కావాలి.

* * *

కథలు చెప్పేటప్పుడు పాత్రలు, స్థలకాలాలు, సంఘర్షణ, మలుపు అని పేర్లు ముందు చెప్పకూడదని మా ఇద్దరి ఒప్పందం. ముందు కథ, పేర్లు ఆ తర్వాత. అందరికీ తెలిసిన సింహం–కుందేలు కథనే తీసుకునేదాన్ని. అడవిలో జంతువులు రోజుకొకటి చొప్పున సింహానికి ఆహారంగా వెళ్ళడం, కుందేలు వంతు రావడం, అది ఆలస్యంగా వెళ్ళి ఇంకో సింహం అడ్డొచ్చిందని చెప్పడం, బావిలో తన నీడనే చూసి సింహం దూకడం. దాన్ని సింహం చెబుతున్నట్టు ఒక గుంపు రాయాలి. ఆ ఉదయం బిడ్డని సాగనంపిన తల్లి కుందేలు చెబుతున్నట్టు ఇంకో గుంపు. చెట్టు మీది కాకి చెబుతున్నట్టు మూడో గుంపు. కాకికి ఏవి తెలుస్తాయి, ఏవి తెలియవు అన్న దాని మీద గొడవలయ్యేవి. కుందేలు మనసులో అనుకున్నది కాకికెలా తెలుస్తుందని ఒకడు లేచి అడిగిన రోజు, ఉత్తమ పురుష ('నేను' అని చెప్పే), ప్రథమ పురుష ('అతను', 'అది' అని చెప్పే) కథనం గురించి నేను వేరే చెప్పాల్సిన పని లేకపోయింది.

నా సర్వీసు ఆఖరి ఏడాది ఇదే కథ ఆరో తరగతికి చెప్పాను. అయిపోయాక ఏమైనా ప్రశ్నలున్నాయా అంటే కిటికీ పక్క పిల్ల చెయ్యెత్తింది. "టీచర్, సింహం అందులోనే చచ్చిపోయింది కదా. మరి ఆ తర్వాత జంతువులు ఆ బావి నీళ్ళు ఎలా తాగాయి?"

ఇన్నేళ్ళలో నన్నెవరూ ఆ ప్రశ్న అడగలేదు. క్లాసు అంటుకుంది. వేరే చెరువు ఉండి ఉంటుందని ఒకరు, సింహాన్ని ఏనుగు బయటికి లాగిందని ఒకరు, కుందేలు చేసింది తప్పేనని ఒకరు. లాంగ్ బెల్ కొట్టినా కదల్లేదు. ఆ సాయంత్రం మాస్టారికి ఫోన్ చేసి చెప్పాను. ఆయన చాలాసేపు నవ్వి, "నువ్వేం చెప్పావమ్మా?" అన్నారు. ఏమీ చెప్పలేదు మాస్టారూ, రేపు చెప్పమన్నాను, అన్నాను.

మర్నాడు ప్రేయర్ అవగానే ఆ పిల్లే నేను పంచిన కాగితం పట్టుకుని వచ్చింది. ఒక మాట కింద పెన్సిలుతో గీత గీసి ఉంది. "కుందేలు సింహాన్ని పాడుబావి దగ్గరికి తీసుకెళ్ళింది అని ఉంది టీచర్. పాడుబావి అంటే అప్పటికే ఎవరూ నీళ్ళు తోడుకోనిది. కుందేలు ముందే ఆలోచించి ఆ బావినే ఎంచుకుంది" అంది.